అభావాన్ని ఎరగడం ఎలా? – బృహత్ ప్రధాన సంఖ్య, నక్కవాగు నీళ్లు, పునఃపరీక్షా ధర్మం

ప్రవేశిక

2024 అక్టోబరు 21న ఒక సంఖ్య ప్రధాన సంఖ్యగా ప్రకటితమైంది. 2 యొక్క 13,62,79,841వ ఘాతం నుంచి 1 తీసివేయగా వచ్చే సంఖ్య అది. ప్రకటించేనాటికి తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలోనూ అదే పెద్దది. అందులో 4,10,24,320 అంకెలున్నాయి. పుటకు రెండువేల అంకెల చొప్పున అచ్చువేస్తే ఇరవైవేల పుటలు దాటుతుంది. ఆ పుటలన్నీ ఓపికగా చదివినవారికి కూడా అది ప్రధాన సంఖ్య అవునో కాదో చూపుతో తేలదు. అయినా గణితలోకం ఆ ప్రకటనను నమ్మింది.

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి మీద పటాన్‌చెరు, దాన్ని దాటి కంది, ఆపైన సంగారెడ్డి వస్తాయి. కందిలో ఉన్నత గణితాన్ని బోధించే హైదరాబాదు ఐ.ఐ.టి. ఉంది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల నుంచి వెలువడే వ్యర్థజలం గురించి కూడా ఏళ్ల తరబడి సంఖ్యలు ప్రకటితమవుతున్నాయి. వాటిని వాగు ఒడ్డున బతికేవాళ్లు అంత సులువుగా నమ్మలేదు. ఒక సంఖ్యను కంటితో చూడకుండానే నమ్మడం ఎందుకు సమంజసమైంది? మరొక సంఖ్యను కళ్లెదుట కాగితం మీద చూసి కూడా శంకించడం ఎందుకు సమంజసమవుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే సమాధానం ఉందని, అది గణితానికి ఎంత చెందుతుందో నీతికీ అంతే చెందుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు, నిర్వచనం, నిషేధం

తెలుగు పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన మాట ‘ప్రధాన సంఖ్య’. ఇది సంఖ్యకు ఒక హోదానిస్తుంది. హిందీలో వాడే ‘అభాజ్య’ శబ్దం మాత్రం సంఖ్యలో ఏది లేదో చెబుతుంది. భారతీయ గణితంలో కుట్టక ప్రకరణంలో, సామాన్య భాజకంతో అపవర్తనం చేసిన తరువాత మిగిలే భాజ్య హారాలను ‘దృఢ’ములు అన్నారు. ఇక విడగొట్టేందుకు ఉమ్మడి భాజకం మిగలలేదని అర్థం. ప్రధాన సంఖ్య, దృఢ సంఖ్య ఒకటి కావు. అయినా ఒకటిని మించిన భాజకం లేకపోవడమే గుణంగా నిలిచిన సందర్భాలు రెండూ. ఒక సంఖ్య ప్రధానమనడమంటే దానికి ఒకటీ, అదీ తప్ప వేరే భాజకం లేదనడం. ఆ విధంగా ‘ప్రధానం’ అనే గౌరవవాచకం వెనుక ఒక నిషేధవాక్యం దాగి ఉంది.

సంఖ్యకు పేరు పెట్టగలగడం వేరు, దాని గుణాన్ని ఎరగడం వేరు. తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇరవైనాలుగు స్థానాలకు పేర్లు పెట్టాడు. చివరిది మహాక్షోభం. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. శాస్త్రవిషయాన్ని తెలుగులో చెప్పిన తొలి రచనలలో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు దాన్ని గౌరవిస్తారు. మహావీరుడు జైనుడు. పటాన్‌చెరు కూడా పొట్టలకెరెగా చాళుక్యుల కాలంలో రాజధానిగా, జైనకేంద్రంగా వెలిగిన ఊరే. ఇరవైనాలుగు స్థానాలతో ఆగిన ఆ పేర్ల వరుసను నాలుగు కోట్ల స్థానాల దాకా లాగే అవసరం ఎవరికీ రాలేదు. ఘాతరూపంలో రాస్తే ఈ సంఖ్య ఒక్క పంక్తిలో ఇమిడిపోతుంది. దాన్ని గుర్తించడానికి ఆ పంక్తి చాలుతుంది. దానికి భాజకాలు లేవని తెలుసుకోవడానికి మాత్రం చాలదు.

అనుపలబ్ధి: వెతికిన చూపుకున్న అర్హత

‘లేదు’ అన్న జ్ఞానం ఎలా కలుగుతుందన్నది భారతీయ దర్శనాలలో పెద్ద వివాదం. నేల మీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? అభావాన్ని ప్రత్యక్షంతోనే గ్రహిస్తామన్నారు నైయాయికులు. దానికోసం అనుపలబ్ధి అనే వేరొక ప్రమాణాన్ని భాట్ట మీమాంసకులు, అద్వైతులు అంగీకరించారు. ఈ వివాదంలో ఉభయపక్షాలకూ అవసరమైన మాట ‘యోగ్యత’. కుండ ఉండి ఉంటే తప్పక కనిపించి ఉండేది అనగలిగినప్పుడే, కనిపించకపోవడం లేకపోవడానికి ప్రమాణమవుతుంది. చీకటిగదిలో కుండ కనిపించలేదన్నంత మాత్రాన కుండ లేదని తేలదు.

ప్రధాన సంఖ్యల విచారణ మొదటి మెట్టు నుంచీ ఈ సూత్రం మీదనే నడుస్తుంది. 97 ప్రధానమా? 2, 3, 5, 7లతో భాగించి చూస్తాం. ఏదీ నిశ్శేషంగా భాగించదు. అంతటితో ఆగి, 97 ప్రధానమని ప్రకటిస్తాం. 11తోనో 13తోనో ఎందుకు ప్రయత్నించనక్కర్లేదు? 97 రెండు కారణాంకాల లబ్ధమైతే వాటిలో ఒకటైనా 10కి లోబడి ఉండాలి. రెండూ పదికి తగ్గకపోతే లబ్ధం నూరుకు తగ్గదు. భాజకం ఉండి ఉంటే ఈ వెతుకులాటలో దొరికే తీరేది. ఈ హేతువే మన అన్వేషణకు యోగ్యతనిస్తోంది. ఆ హేతువు లేకుండా నాలుగు భాగహారాలు చేసి ‘దొరకలేదు’ అంటే అది చీకటిగదిలో చూసిన చూపే.

సంఖ్య పెద్దదయ్యేకొద్దీ ఈ మార్గం మూసుకుపోతుంది. అప్పుడు భాజకాన్ని వెతకడం మాని సంఖ్య ప్రవర్తనను పరీక్షిస్తారు. 2ను భాగించని ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దానికన్నా ఒకటి తక్కువ ఘాతానికి 2ను హెచ్చించి ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. ఇది ఫెర్మా కనుగొన్న గుణం. 91 విషయంలో 2 యొక్క 90వ ఘాతాన్ని 91తో భాగిస్తే శేషం 64 వస్తుంది. కారణాంకాలు 7, 13 అని తెలియకముందే 91 ప్రధానం కాదని తేలిపోయింది. ఇక్కడ 2 అనే సంఖ్యను గణితజ్ఞులు ‘సాక్షి’ అంటారు. అయితే దొంగసాక్షులూ ఉన్నారు. 341 అంటే 11, 31ల లబ్ధం. 2ను అడిగితే శేషం 1 అని, ఆ సంఖ్య ప్రధానమే అన్నట్టు పలుకుతుంది. 3ను అడిగితే శేషం 56 వచ్చి గుట్టు బయటపడుతుంది. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పరాదన్న ధర్మాసన నీతి అంకగణితంలోనూ చెల్లుబాటు కావడం గమనార్హం.

సాక్ష్యం నేరాన్ని రుజువు చేయవచ్చు, నేరస్థుణ్ణి చూపకపోవచ్చు. 2 యొక్క 67వ ఘాతం నుంచి 1 తీసివేయగా వచ్చే సంఖ్య ప్రధానం కాదని ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా 1876లోనే నిర్ధారించాడు. కారణాంకాలు ఏవో ఆయనకు తెలియదు. 1903లో అమెరికన్ గణితజ్ఞుడు కోల్ ఒక సభలో 193707721ని 761838257287తో గుణించి అవే ఆ కారణాంకాలని చూపాడు. మాట్లాడకుండా నల్లబల్ల మీద గుణకారం మాత్రమే చేసి కూర్చున్నాడని చెప్పుకుంటారు. భాజకం ‘ఉంది’ అన్నవాడు దాన్ని చూపితే సరిపోతుంది, వాదం ముగుస్తుంది. ‘లేదు’ అన్నవాడికి చూపడానికి వస్తువేదీ ఉండదు. అందుకే అతడు తాను వెతికిన విధానాన్నే చూపాలి. నిషేధవాక్యం పలికేవాడి మీద విధాన ప్రకటన అనే అదనపు బాధ్యత పడేది ఈ కారణం చేతనే.

యంత్రం ఆప్తుడా?

పైన చెప్పిన బృహత్సంఖ్యను పరీక్షించిన విధానం సూత్రరూపంలో సరళం. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషాన్ని తీసుకోవాలి. ఆ శేషంతో మళ్లీ అదే చేయాలి. 31 అంటే 2 యొక్క 5వ ఘాతం నుంచి 1 తీసివేసినది. దీనికి 4, 14, 8, 0 అని మూడే అడుగుల్లో సున్న వస్తుంది. కనుక 31 ప్రధానం. లూకా ప్రతిపాదించి, లెమర్ 1930లో స్థిరపరచిన ఈ పరీక్షలో ఘాతాంకం కన్నా రెండు తక్కువ అడుగులు వేయాలి. మన సంఖ్యకైతే పదమూడు కోట్ల అరవైరెండు లక్షలకు పైగా అడుగులు. ప్రతి అడుగులోనూ నాలుగు కోట్ల అంకెల దాకా ఉండే సంఖ్యను వర్గం చేయాలి. ఏ మనిషీ చేయలేని పని ఇది. యంత్రం చేసింది.

అయితే మనకు కలిగిన జ్ఞానం ఏ ప్రమాణం వల్ల కలిగింది? ప్రత్యక్షం కాదు. పరీక్షా సూత్రం సరైనదన్నది అనుమానంతో, అంటే నిరూపణతో తెలుసు. అడుగులన్నీ తప్పులేకుండా పడ్డాయన్నది మాత్రం యంత్రం చెబితే విన్నమాట. శబ్దప్రమాణమనడానికి వక్త ఆప్తుడై ఉండాలి. ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడన్నది తర్కసంగ్రహం నేర్పే మొదటి పాఠాలలో ఒకటి. వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో ఇంకొక అడుగు ముందుకు వేసి, వస్తువును సాక్షాత్తుగా ఎరిగి ఉండడమే కాక, ఎరిగినట్టుగా ఇతరులకు తెలియజెప్పాలన్న కోరిక కూడా ఆప్తలక్షణంలో చేర్చాడు. యంత్రానికి మోసగించే బుద్ధి లేదు. తెలియజెప్పే కోరికా లేదు. కనుక అది ఆప్తుడు కాజాలదు, అనాప్తుడూ కాదు. పైగా వేడికీ విద్యుత్తు ఒడిదుడుకులకూ లోనై అది పొరబడగలదు.

ఆప్తత్వం లేని చోట దాని స్థానాన్ని ఏది భర్తీ చేస్తుంది? 1996 నుంచి సాగుతున్న జింప్స్ అనే స్వచ్ఛంద అన్వేషణ దీనికి ఆచరణలో సమాధానం చెప్పింది. ఒకరి ఫలితాన్ని మరొకరి యంత్రం మీద తిరిగి లెక్కించడం వారి రివాజు. 2024లో ల్యూక్ డ్యురాంట్ కనుగొన్న సంఖ్య విషయంలోనూ అంతే. ముందు ఒక పరీక్షలో అది ‘బహుశా ప్రధానం’ అని తేలింది. తరువాత లూకా-లెమర్ పరీక్షలో నెగ్గింది. ఆపైన వేర్వేరు యంత్రాల మీద, వేర్వేరు ప్రోగ్రాములతో మళ్లీ మళ్లీ సరిచూసిన తరువాతనే ప్రకటించారు. కనుగొన్నవారి మంచితనాన్ని ఇక్కడ ఎవరూ విచారించనవసరం లేదు. సంఖ్య అందరి ఎదుటా ఉంది, విధానం అందరి ఎదుటా ఉంది. శంక ఉన్నవారు తామే లెక్కించుకోవచ్చు. తగిన యంత్రం అందరికీ అందుబాటులో లేదన్నది నిజమే. కాని కంది వంటి చోట్ల అది సాధ్యమే. ప్రతివాడూ పరీక్షించకపోయినా, ఎవడైనా పరీక్షించగలడన్న స్థితి ప్రతివాడి నమ్మకాన్నీ న్యాయబద్ధం చేస్తుంది.

సంతకం కాపాడేది ఏమిటి?

ఇంతవరకూ చెప్పింది బహిరంగమైన ప్రధాన సంఖ్య గురించి. రహస్యంగా ఉండడమే ప్రయోజనంగా గల ప్రధాన సంఖ్యలూ ఉన్నాయి. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ రూపొందించిన ఆర్.ఎస్.ఏ. పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను దాచి వాటి లబ్ధాన్ని మాత్రం లోకానికి ఇస్తారు. 2048 బిట్ల లబ్ధమంటే 617 అంకెలు. దాన్ని తిరిగి రెండుగా విడగొట్టడం నేటి యంత్రాలకు సాధ్యం కాదు. 2020లో ఇటువంటి 250 అంకెల లబ్ధాన్ని విడగొట్టడమే ఒక ఘనకార్యమైంది. డిజిటల్ సంతకాల బలం ఈ దుర్భేద్యత మీద ఆధారపడింది. సంతకమైన పత్రంలో ఒక్క అక్షరం మారినా అది బయటపడుతుంది.

ఇక్కడ సున్నితమైన వివేకం ఒకటి అవసరం. సంతకం రెండు విషయాలకు పూచీ పడుతుంది: పత్రం ఫలానివారి నుంచే వచ్చింది, దారిలో మారలేదు. పత్రంలో రాసింది నిజమని అది పూచీ పడదు. అబద్ధం మీద పెట్టిన సంతకం కూడా గణితరీత్యా నిర్దుష్టమే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో అధిక కాలుష్యకారకాలైన పదిహేడు రకాల పరిశ్రమలను, ఉమ్మడి శుద్ధి కేంద్రాలను ఆన్‌లైన్ కొలమానాలు అమర్చుకోవాలని ఆదేశించింది. గొట్టం దగ్గరి పరికరం చూపే అంకె నేరుగా మండలికి చేరాలన్నది లక్ష్యం. ఆ అంకెను దారిలో ఎవరూ మార్చకుండా ప్రధాన సంఖ్యలు కాపలా కాయగలవు. పరికరం ముక్కు ఏ నీటిలో మునిగి ఉందో చెప్పడం వాటి పని కాదు. రవాణాకు గణితం ఇచ్చే హామీని సత్యానికి ఇచ్చిన హామీగా చూపడం నేటి పాలనలో ఎదురయ్యే కొత్త రకపు హేత్వాభాసం.

నక్కవాగు నీళ్లు

పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతపు వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరలోకి చేరాయన్నది పాత వివాదం. 1990లోనే అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో కేంద్ర మండలి ఈ ప్రాంతాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఈ చరిత్రలో మన చర్చకు ముఖ్యమైన ఘట్టం 2007లో వచ్చిన ఒక పరిశోధన. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని ఔషధ అవశేషాల కోసం పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు తేలింది. సుమారు తొంభై ఔషధ పరిశ్రమల వ్యర్థాలు ఆ కేంద్రానికి వచ్చేవి.

అంతకుముందు నివేదికలలో ఆ మందు పేరు ఎందుకు లేదు? దాని కోసం ఎవరూ వెతకలేదు కనుక. ఆమ్లక్షార స్థితి, బి.ఓ.డి., సి.ఓ.డి., తేలియాడే ఘనపదార్థాలు మొదలైనవాటికి నాటి ప్రమాణాలలో గడులున్నాయి. ఔషధ అవశేషాలకు గడి లేదు. లేని గడిలో ఏ అంకె పడదు. ఏ అంకె పడని చోట దోషం కనిపించదు. ఈ అనుపలబ్ధిలో అబద్ధం లేదు, యోగ్యతా లేదు. 341ని కేవలం 2నే అడిగి ఊరుకోవడం ఇటువంటిదే. లార్సన్ బృందం 3ను కూడా అడిగింది.

రెండో షరతు పునఃపరీక్ష. ఇక్కడ సంఖ్యకూ నీటికీ మధ్య లోతైన భేదం ఉంది. 2024లో పరీక్షించిన సంఖ్య వెయ్యేళ్ల తరువాత కూడా అదే సంఖ్య. ఇవాళ కొలవని నీరు రేపటికి వాగులో ఉండదు. మంజీరలో కలిసి గోదావరి వైపు వెళ్లిపోతుంది. సంఖ్య తనను తాను భద్రపరచుకుంటుంది. నీటిని ఎవరైనా సీసాలో పట్టి భద్రపరచాలి. కనుక గణితంలో విధానాన్ని వెల్లడిస్తే సరిపోయిన చోట, ఇక్కడ నమూనాను కూడా పంచాలి.

మూడో సీసా

చట్టానికి ఈ సంగతి తెలియకపోలేదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 21వ విభాగం ప్రకారం వ్యర్థజలపు నమూనాను పరిశ్రమ వారి సమక్షంలో రెండు భాగాలు చేసి, రెండింటికీ ముద్ర వేసి, ఉభయులూ సంతకాలు చేయాలి. ఒక భాగం మండలి ప్రయోగశాలకు వెళుతుంది. పరిశ్రమవారు కోరితే రెండో భాగం మరొక నిర్దిష్ట ప్రయోగశాలకు వెళుతుంది. పునఃపరీక్షా ధర్మాన్ని శాసనరూపంలో ఇంత స్పష్టంగా గుర్తించడం మెచ్చదగినదే. అయితే ఆ హక్కు ఎవరికి దక్కిందో చూడాలి. రెండు సీసాలలో ఒకటి రాజ్యానిది, రెండోది అభియోగం ఎదుర్కొనేవారి రక్షణకు. ఆ నీటితో పొలం తడుపుకునేవారికీ ఆ నీరు ఊరే బావి తోడుకునేవారికీ సీసా లేదు. ఫిర్యాదు చేయదలచిన పౌరుడికి సంబంధిత నివేదికలను ఇవ్వాలని 1988 సవరణ చెప్పింది. నివేదిక అందితే చదువుకోగలడు. నమూనా అందితేనే పరీక్షించగలడు.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. గణిత సత్యం అనివార్యం, కొలత సత్యం ఆగంతుకం. ఒకదానికి చెల్లే ప్రమాణాన్ని రెండోదానికి వర్తింపజేయడం తగదన్నది మొదటిది. భేదం ఉన్న మాట నిజమే. అయితే ఆ భేదం బాధ్యతను పెంచుతుందే తప్ప తగ్గించదు. కరిగిపోయే సాక్ష్యాన్ని చేతబట్టుకున్నవాడు శాశ్వత సాక్ష్యాన్ని చూపేవాడి కన్నా ఎక్కువ జాగ్రత్త పడాలి. రెండోది: సామాన్యుడికి సీసా ఇస్తే ఏం చేసుకుంటాడు, ప్రయోగశాల అతని దగ్గర లేదు కదా? నాలుగు కోట్ల అంకెల సంఖ్యను పరీక్షించే యంత్రం కూడా సామాన్యుడి దగ్గర లేదు. అతని తరఫున పరీక్షించగలవారు లోకంలో ఉండడమే అక్కడ చాలింది. విశ్వవిద్యాలయాలూ పరిశోధన సంస్థలూ ఇన్ని ఉన్న జిల్లాలో మూడో సీసాను తీసుకెళ్లడానికి చోటు దొరకదనడం కుదరదు.

ఉపసంహారం

ఈ చర్చలో తెలుగు శాఖల వంతు కూడా ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశం స్థానిక భాషలో అందాలి. ప్రయోగశాలలు ‘గుర్తింపు పరిమితికి లోపు’ అనే మాట వాడతాయి. మా పరికరం చూపు ఇంతవరకే, అంతకు తక్కువ ఉంటే మాకు కనిపించదు అని నిజాయితీగా ఒప్పుకునే మాట అది. దాన్ని తెలుగులో ‘లేదు’ అని రాస్తే అనుపలబ్ధి అభావంగా మారిపోతుంది. ‘పరీక్షించలేదు’, ‘కనిపించలేదు’, ‘లేదు’ అన్నవి మూడు వేర్వేరు జ్ఞానస్థితులు. మూడింటికీ తెలుగులో మాటలు ఉన్నాయి. అనువాదకుడు వాటిని కలిపేస్తే పోయేది శైలీసౌందర్యం మాత్రమే కాదు. ఒక ఊరు తన నీటి గురించి అడగదగిన ప్రశ్న పోతుంది.

బృహత్ ప్రధాన సంఖ్య వల్ల నిత్యజీవితంలో ప్రయోజనమేమీ లేదని అంటారు. సంకేతరక్షణకు అది పనికిరాదు. అందరికీ తెలిసిపోయింది కనుక. అయినా అది ఒక ఆదర్శాన్ని నిలబెట్టింది. ఏమి వెతికారో, ఎలా వెతికారో, ఉండి ఉంటే ఎందుకు దొరికి తీరేదో చెప్పి, నమ్మకం లేకపోతే మీరే చూసుకోండని వస్తువును ఎదుట పెట్టడం ఆ ఆదర్శం. నిష్ప్రయోజకమైన సంఖ్య విషయంలో ఇంత నిష్ఠ పాటించగలిగిన సమాజం, తాగే నీటి విషయంలో అంతకు తక్కువ పాటిస్తే దానికి అసాధ్యత కారణమని చెప్పుకోలేదు. ‘లేదు’ అని చెప్పే అధికారం వెతికిన తీరును చూపినవారికే ఉంటుంది. ఆ మాటను నమ్మించే అధికారం మూడో సీసాను ఎదుటివారి చేతిలో పెట్టినవారికే ఉంటుంది.